పట్నంలో కౌంటర్ దగ్గర సముద్రపు చేప తినాలంటే: పాలమూరు, నల్గొండ వాళ్లకు వరుసగా

పెళ్లి బట్టలకో, దవాఖానకో, పిల్లల్ని హాస్టల్లో దింపడానికో హైదరాబాద్ పోతాం. పని అయ్యాక సముద్రపు చేప తినాలనిపిస్తుంది. తీరా కౌంటర్ ముందు నిలబడితే ఏం అడగాలో తోచదు. వెనక జనం తోసుకుంటుంటారు, టెన్షన్‌లో నోటికొచ్చిన పేరు చెప్పి పైసలు కట్టేస్తాం. మహబూబ్‌నగర్, వనపర్తి, నల్గొండ, మిర్యాలగూడ నుంచి చాలామంది ఇదే అడిగారు. ఒకాయన "జూరాల డ్యాం కట్ట కాడ చేపలు అడిగినట్టే అడిగితే నడుస్తదా?" అన్నారు. సగం నడుస్తది. మిగతా సగం కోసమే ఇది.

కూర్చోబెట్టి మెనూ చేతికిచ్చే రెస్టారెంట్ గురించి కాదు నేను చెప్పేది. ముందు ఐస్ బల్ల మీద చేపలు, పక్కన కాటా, ఆ పక్కన గల్లా, వెనక పెనాలు ఉండే దుకాణం. చేప మీరే చూపించాలి, తూకం వేయించాలి, ముందే పైసలు కట్టాలి, టోకెన్ నంబర్ పిలిస్తే ట్రే మీరే తెచ్చుకోవాలి. మధ్యలో వెయిటర్ ఉండడు. కాబట్టి అడగాల్సినవన్నీ గల్లాకు ముందే అడగాలి. బిల్లు కొట్టాక చేప వంటగదిలోకి పోతుంది, ఇక మార్చడం కుదరదు.

1. బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

మొదట తేదీ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా ఆపుతారు. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు వైపులా పెద్ద పడవలు గట్టునే ఉంటాయి.

మన మృగశిర కార్తె సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఊరూ వాడా చేప తినే రోజు. ఆ రోజు పట్నంలో "ఈ పొద్దే వచ్చింది" అని వంజరం చూపిస్తే అది చిన్న పడవ వాళ్లు పట్టిందైనా కావాలి, కోల్డ్ స్టోరేజీలోంచి తీసిందైనా కావాలి. రెండోదే ఎక్కువ. గడ్డకట్టించి దాచిన చేప చెడ్డదేమీ కాదు, తాజా చేప రేటు మాత్రం ఇవ్వకండి. ఆ రెండు వారాలు చెరువుల్లో పెంచే రకాలు అడగడం మంచిది: వనామీ రొయ్యలు, పండుగప్ప, కొర్రమీను. వీటికి నిషేధంతో పని లేదు.

తర్వాత వారం. సోమ, గురు, శనివారాలు మన దగ్గర చాలా ఇళ్లల్లో నీసు ముట్టరు. ఆ రోజుల్లో దుకాణాల్లో సీటు సులువుగా దొరుకుతుంది, సరుకు మాత్రం మెల్లగా కదులుతుంది. ఆదివారం సరుకు తాజాగా ఉంటుంది, జనం మాత్రం జాతర. నన్నడిగితే ఆదివారమే పోతాను, కాకపోతే మధ్యాహ్నం పన్నెండున్నర లోపు. ఒంటిగంట దాటితే చేప చూసుకునే తీరికే ఉండదు.

ఎవరెవరు వస్తున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. చిన్న పిల్లలు, ముసలివాళ్లు ఉంటే ముండ్లు తక్కువ ఉండే చేప కావాలి. రొయ్య పడనివాళ్లు ఎవరైనా ఉంటే అది ఇంటి దగ్గరే తెలిసి ఉండాలి.

బయలుదేరే ముందు:

- జేబులో కొంత నగదు. రద్దీలో ఫోన్ సిగ్నల్ పోయి పేమెంట్ ఆగిపోవడం మామూలే.
- చేతి రుమాలు, పాత బట్ట ముక్క ఒకటి. అక్కడ ఇచ్చే పేపర్ న్యాప్కిన్ మసాలా చేతికి ఒక్క నిమిషం ఆగదు.
- తెల్ల చొక్కా వద్దు.
- తిరుగు బస్సు టైం. తందూరీ చేప చెప్పి బస్సు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కితే ఊరి నడుమకు తొందరగా చేరతారు. మహబూబ్‌నగర్ బస్సులో ఎంజీబీఎస్ బస్టాండుకు వస్తే అక్కడా అదే మెట్రో ఎర్ర లైను దొరుకుతుంది.

2. ఐస్ బల్ల ముందు: పేరు చూడకండి, చేపను చూడండి

మనకు రవ్వు, బొచ్చె, బంగారు తీగ, జెల్ల చూడగానే తెలుస్తాయి. సముద్రపు చేపల దగ్గర బోర్డు మీద ఒక పేరు, కౌంటర్ అబ్బాయి నోట ఇంకో పేరు వినిపిస్తుంది. ముందు ఈ కొన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

వంజరం: బోర్డు మీద సీర్ ఫిష్ అనో కింగ్ ఫిష్ అనో ఉంటుంది. విశాఖ వైపు వాళ్లు కోనెం అంటారు. పొడుగాటి చేప, గుండ్రటి తునకలుగా కోస్తారు. నడుమ వెన్నెముక, దాని చుట్టూ నాలుగు ముండ్లు తప్ప సన్న ముండ్లు పెద్దగా ఉండవు. మొదటిసారి తినేవాళ్లకు ఇదే చెప్తాను.

చందువ: పాంఫ్రెట్. పళ్లెంలా చదునుగా ఉంటుంది. తెల్ల చందువ ఖరీదు, నల్ల చందువ కొంచెం తక్కువ. రెండింటినీ ఒకే రేటుకు అమ్మితే అడగండి. చేప మొత్తాన్ని గాట్లు పెట్టి వేయిస్తారు.

పండుగప్ప: సీ బాస్, బారాముండి, భేట్కీ, అన్నీ ఇదే. తెల్లటి మెత్తటి కండ. పిల్లలకు ముండ్లు తీసిన తునకలు కావాలంటే ఇది అడగండి. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి ఏడాది పొడుగునా దొరుకుతుంది.

కానాగంత: బాంగ్డా అని రాస్తారు. ధర తక్కువ, నూనె ఎక్కువ, వాసన గట్టిది. అలవాటైతే వదలరు, అలవాటు లేనివాళ్లు మొదటి ముక్కకే పక్కన పెడతారు. తాజాగా లేకపోతే మాత్రం అసలు ముట్టకండి, ఎందుకో ఎనిమిదో భాగంలో చెప్తాను.

నెత్తళ్లు: వేలెడంత చేపలు. కరకరలాడేలా వేయిస్తే ముండ్లతో సహా నమిలేయొచ్చు. బిల్లు తగ్గించుకోవడానికి మంచి దారి.

బాసా: సీఫుడ్ బోర్డు మీద ఉన్నంత మాత్రాన ఇది సముద్రపు చేప కాదు. మంచినీటి జాతి, జెల్లలకు చుట్టం. ముండ్లు తీసి గడ్డకట్టించిన పట్టీలుగా వస్తుంది. ఫిష్ ఫింగర్స్, అపోలో ఫిష్ లాంటి వాటిలో చాలాచోట్ల ఇదే ఉంటుంది. తప్పేం లేదు, కానీ సముద్రపు చేప కోసం వంద కిలోమీటర్లు వచ్చి దీన్ని తినడం ఎందుకు? అపోలో ఫిష్ చెప్పే ముందు "ఏ చేపతో చేస్తరు అన్నా?" అని ఒక మాట అడగండి.

పులస అని బోర్డు కనిపిస్తే ఆగండి. అది వరదల కాలంలో గోదావరికి ఎదురెక్కే చేప. జూలై నుంచి సెప్టెంబర్ దాకా తప్ప మిగతా నెలల్లో పులస అన్న మాటను నమ్మకండి. పైగా దాని నిండా సన్న ముండ్లు. హడావుడిగా తినే చోట తినాల్సిన చేప కాదు.

రొయ్యల దగ్గర "కౌంట్" అనే మాట వినిపిస్తుంది. కిలోకు ఎన్ని తూగుతాయో అదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే చిన్నవి. 50 కౌంట్ రొయ్యలు 200 గ్రాములు తీసుకుంటే పది వస్తాయి. తల, పెంకు తీస్తే బరువు సుమారు సగానికి పడిపోతుంది. ఈ లెక్క తెలియక "ప్లేట్‌లో పదే పెట్టిండు" అని గొడవ పడేవాళ్లుంటారు.

పీతలంటే మన ఎండ్రికాయలే, కాకపోతే సముద్రపువి పెద్దవి. బరువులో చాలా భాగం డొప్పదే. చేత్తో ఎత్తి చూడండి. సైజుకు మించి బరువుగా ఉంటేనే లోపల కండ ఉన్నట్టు. తేలిగ్గా ఉన్నదాన్ని తీసుకుంటే డొప్పను తూకం వేయించుకున్నట్టే.

తాజాదనం ఎలా చూడాలి

పట్టుకోనివ్వకపోతే కౌంటర్ అబ్బాయినే ఎత్తి చూపించమనండి. మంచి దుకాణంలో విసుక్కోరు.

- కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పోయి పాలరంగులోకి మారితే వద్దు.
- మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. గోధుమరంగు, బూడిదరంగు వద్దు.
- వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి.
- వాసన సముద్రపు నీటిలా ఉండాలి. ముక్కు మండేలా ఘాటుగా ఉంటే పక్కకు జరగండి.
- రొయ్య తల ఊగిపోతున్నా, తల దగ్గర నల్లబడినా వద్దు.
- స్క్విడ్ (ఆక్టోపస్‌లాంటి మెత్తటి సముద్రపు జీవి) తెల్లగా ఉండాలి. గులాబీరంగు తిరిగిందంటే పాతది.
- చేప కిందా పైనా ఐస్ ఉండాలి. కరిగిన నీళ్లలో తేలుతుంటే ఆ బల్ల మీది ఏ చేపా వద్దు.

ముందే కోసి, ఎర్ర మసాలా పట్టించి వరుసగా పేర్చిన తునకల్లో ఇవేవీ కనిపించవు. కన్ను లేదు, మొప్ప లేదు, వాసన మసాలాది. నేనైతే ముట్టను. తప్పదనుకుంటే మసాలా పట్టనిది లోపలి నుంచి కోసి ఇమ్మనండి.

3. తూకం, రేటు: అందరూ దెబ్బతినే చోటు

నా సంగతే చెప్తాను. మొదటిసారి మా నాయినను తీసుకుపోయాను. బోర్డు మీద 140 అని ఉంది. ప్లేటు రేటు అనుకుని పెద్ద చందువను వేలితో చూపించాను. అది కిలో రెండు వందల గ్రాములు తూగింది. 140 అంటే వంద గ్రాములకట. చేప 1,680, పన్నుతో కలిపి 1,764 అయింది. నాయిన బిల్లు రెండుసార్లు చదివి "ఈ పైసలకు కోయిల్‌సాగర్ కాడ వాడకట్టంతటికీ పులుసు పెట్టొచ్చు గదరా" అన్నాడు. దుకాణం వాళ్ల తప్పేం లేదు, బోర్డు కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

జూరాల దగ్గర కిలో లెక్క, మనకు అలవాటైన లెక్క. పట్నంలో ఎక్కువ చోట్ల వంద గ్రాముల లెక్క. అది కూడా శుభ్రం చేయకముందు తూకం. పొలుసు, పేగులు, రెక్కలు తీశాక, వేయించాక పళ్లెంలోకి వచ్చేది అంతకంటే చాలా తక్కువ.

కౌంటర్ దగ్గర ఇదే వరుసలో అడగండి:

- "అన్నా, ఇది వంద గ్రాములకెంత?"
- "తూకం కడగకముందా, కడిగినంకనా?"
- "ఫ్రై చార్జి దీంట్లనే ఉన్నదా, వేరేనా?"
- "పన్నుతోని మొత్తం ఎంతైతది?"
- "ఎంతసేపు పడతది?"

ఐదు ప్రశ్నలకూ అర నిమిషం చాలు. నాలుగోది మాత్రం మరవకండి. మొత్తం అంకె వాళ్ల నోటితో రావాలి.

కాటా చూడటం: చేప పెట్టే ముందు అంకె సున్నా ఉండాలి. ట్రేతో పాటు తూస్తే ముందు ఖాళీ ట్రే పెట్టి సున్నా చేయించండి. చేప కడుపులో, మొప్పల్లో ఐస్ ముక్కలు ఉంటే దులిపించండి. ఇదంతా మర్యాదగా అడిగే పద్ధతి ఉంది. "తమ్మీ, జర నీళ్లు కారనియ్యి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

లెక్క ఇలా వేసుకోండి. వంద గ్రాములకు 120 రూపాయలున్న చేప 650 గ్రాములు తూగితే 780. వంట చార్జి 100 అంటే 880. మామూలు రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, అంటే 44. మొత్తం 924. మీరు మనసులో ఎనిమిది వందలు అనుకుని వచ్చి ఉంటే కొంచెం చిన్న చేప చూపించమనాల్సింది ఇప్పుడే.

బిల్లులో సర్వీస్ చార్జి కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదు. ట్రే మనమే మోసుకునే చోట సర్వీస్ ఏంటని నాకూ అర్థం కాదు.

4. కోత, మసాలా

"ఎట్ల కొట్టాలె?" అని అడుగుతారు. సమాధానం ముందే పెట్టుకోండి.

వంజరం తునక వేలెడు మందం ఉంటే చాలు. మరీ సన్నగా కోస్తే పెనం మీద ఎండిపోయి చెక్కలా అవుతుంది. మందంగా కోస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చందువను కోయించకండి, గాట్లు పెట్టిస్తే చాలు. పీతను ఫ్రై చేయిస్తుంటే కాళ్లు అక్కడే చిట్లగొట్టి ఇమ్మనండి, తర్వాత పళ్లతో తిప్పలు తప్పుతాయి.

తల కావాలంటే అప్పుడే చెప్పాలి. మన ఇళ్లల్లో తలకాయ కోసం కొట్లాట జరుగుతుంది, అక్కడ చెప్పకపోతే చెత్త డబ్బాలో పడేస్తారు. దాని బరువుకూ మీరే పైసలు కట్టారు.

మసాలా విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. మనకు కారం కావాలి, ఒప్పుకుంటాను. కానీ సముద్రపు చేపకు సొంత రుచి ఉంటుంది, కొంచెం ఉప్పదనం, కొంచెం తీపి. రెండు పొరల మసాలా, దాని మీద చాట్ మసాలా వేస్తే రవ్వు తిన్నా వంజరం తిన్నా ఒకటే. మొదటి ప్లేటు ఉప్పు, మిరియాలు, నిమ్మరసంతో తవా మీద చేయించండి. రెండోది మీ ఇష్టం.

ఎలా వండాలన్నది చేపను బట్టి:

- వంజరం తునకలు: తవా.
- చందువ: తవా, లేదా రవ్వ ఫ్రై.
- పండుగప్ప, చేప మొత్తం: తందూరీ.
- నెత్తళ్లు, స్క్విడ్: నూనెలో వేయించడం. స్క్విడ్ రెండు నిమిషాలు దాటితే రబ్బరే.
- రొయ్యలు: వేపుడు. పులుసులో పట్నపు కౌంటర్లు చింతపండు పొదుపు చేస్తాయి, మన నాలుకకు ఆనదు.

నూనె మూకుడు కనిపిస్తే ఒకసారి చూడండి. నల్లగా, చిక్కగా, నురగ ఆగకుండా పైకి పొంగుతుంటే అది చాలాసార్లు కాగిన నూనె. అప్పుడు తవా లేదా తందూరీ తీసుకోండి, వేయించినవి వదిలేయండి.

5. ఆర్డర్ రెండు విడతలుగా

అన్నీ ఒకేసారి చెప్తే అన్నీ ఒకేసారి వచ్చి సగం చల్లారిపోతాయి. చల్లారిన చేప ఫ్రై ఎంత మంచిదైనా ఎవరూ తినలేరు. లేదంటే ముందు బిర్యానీ వచ్చి, దాంతో కడుపు నిండి, అసలు చేప పార్సెల్ అవుతుంది.

మొదటి విడత: అందరికీ కలిపి ఒక పెద్ద చేప, ఒక చిన్న వేపుడు. తందూరీ ఉంటే దాన్ని ముందు చెప్పండి, అది ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. తవా ఫ్రై పది నిమిషాల్లో అవుతుంది.

రెండో విడత: మొదటిది తింటూ ఒకరు లేచి వెళ్లి చెప్పాలి. ఇప్పటికి ఏ చేప బాగుందో తెలిసిపోయింది, ఎంత ఆకలి మిగిలిందో కూడా. అన్నం, పులుసు, బిర్యానీ ఇప్పుడు చెప్పండి, అవి రెడీగా ఉంటాయి.

నలుగురికి మొదటి విడతలో 700 నుంచి 800 గ్రాముల చేప, 200 గ్రాముల రొయ్యలు సరిపోతాయి. మళ్లీ చెప్పుకోవచ్చు కాబట్టి తక్కువతో మొదలుపెట్టడమే తెలివి.

6. గల్లా, టోకెన్, బల్ల

ఒకరు లైన్‌లో, ఒకరు బల్ల దగ్గర. ఒంటరిగా పోతే ముందు ఆర్డర్, తర్వాతే చోటు. సంచి పెట్టి బల్ల ఆపుకోవడం మన బస్సులో సీటు మీద టవల్ వేసినంత సులువు కాదు, తీసి పక్కన పెట్టేస్తారు.

బిల్లు చేతికి రాగానే మూడు చూడండి: చేప పేరు, గ్రాములు, టోకెన్ నంబర్. మీ ముందు తూగిన గ్రాములే బిల్లులో ఉండాలి. దాన్ని పారేయకండి, ఏ గొడవకైనా అదే ఆధారం. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్స్ నంబర్ కూడా దాని మీదే ఉండాలి.

7. తినడం

చెంచా, ఫోర్కు పక్కన పెట్టండి. ముండ్లు వేళ్లకే తెలుస్తాయి. చేతులు ముందు కూడా కడగండి, అన్ని చేతులూ తాకిన టోకెన్లూ ట్రేలూ మీరూ పట్టుకున్నారు.

చందువ తినే పద్ధతి: పక్కన మధ్యలో తల నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది. దాని వెంట వేలితో చీల్చి పై కండను వీపు వైపుకు సగం, పొట్ట వైపుకు సగం జరపండి. ఇప్పుడు ముల్లు దువ్వెనలా బయటపడుతుంది. తోక దగ్గర పట్టుకుని ఎత్తితే మొత్తం ఒకేసారి వస్తుంది. కింది కండ ముల్లు లేకుండా మిగులుతుంది, అది పిల్లలకు. అంచు రెక్కల దగ్గర సన్న ముండ్లు ఉంటాయి, అవి పెద్దవాళ్లు చూసుకోవాలి.

పీత: ముందు కాళ్లు విరవండి, తర్వాత డొప్ప ఎత్తండి. పక్కల ఈకల్లా బూడిదరంగులో ఉండేవి మొప్పలు, తీసి పడేయండి. నడుమ సగానికి విరిస్తే గదుల్లో కండ ఉంటుంది. వానాకాలంలో పొలం గట్ల మీద ఎండ్రికాయలు పట్టి కాల్చుకు తిన్నవాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు.

నిమ్మచెక్క చేప మీద చివర్లో పిండండి, ముందే పిండితే కరకర పోతుంది. ముండ్లకు ఒక ఖాళీ ప్లేటు అడిగి పెట్టుకోండి.

చేప తిన్నాక పెరుగు తింటానంటే మా అవ్వ ఇప్పటికీ ఒప్పుకోదు. ఆమె తిన్న తందూరీ చేపకు పట్టించిన మసాలాలో సగం పెరుగేనని నేను ఇంతవరకు చెప్పలేదు.

8. తేడా వస్తే ఏం చేయాలి

లోపల పచ్చిగా ఉంది: వెన్నెముక దగ్గర కండ గాజులా మెరుస్తూ, ముల్లు నుంచి ఊడిరాకపోతే ఉడకలేదన్నట్టు. అక్కడితో ఆపి ట్రే వెనక్కి తీసుకుపోండి. మళ్లీ పెనం మీద వేసి ఇస్తారు. సగం తిన్నాక పోతే వినరు.

బిల్లులో గ్రాములు ఎక్కువ పడ్డాయి: వంట మొదలుకాకముందే చెప్పండి. వండాక ఎవరి మాట నిజమో తేల్చడానికి చేప ఉండదు. ఎంతకూ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వేరే చేప వచ్చింది: వంజరం తునక గుండ్రంగా, మధ్య ఎముకతో ఉంటుంది. ముండ్లు లేని పలకలాంటి ముక్క వస్తే అది వంజరం కాదు. టోకెన్ మారి ఉండొచ్చు, ముందు నంబర్ సరిచూడండి.

నాలుక మీద మిరియంలా చిటచిట: మసాలా కారం కాకుండా కుట్టినట్టు అనిపిస్తే ఉమ్మేయండి. కానాగంత, ట్యూనా లాంటి చేపలు ఐస్ లేకుండా ఉంటే వాటిలో ఒంటికి పడని హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. వండినా అది పోదు. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దురద కొద్దిసేపట్లోనే మొదలవుతాయి. ఊపిరి ఇబ్బందైతే ఆలస్యం చేయకుండా దవాఖానకు.

రొయ్య పడనివాళ్లు: వాళ్లు చేప ఒక్కటే తిన్నా, రొయ్యలు వేగిన నూనెలోనే చేప వేగి ఉండొచ్చు. "రొయ్యలు ఏసిన నూనెనా ఇది?" అని అడిగి, వాళ్ల వంతు వేరే తవా మీద చేయించండి. సరైన సమాధానం రాకపోతే వాళ్లకు పప్పన్నమే.

గొంతులో ముల్లు: అన్నం ముద్ద మింగమనో, అరటిపండు తినమనో పక్క బల్లవాళ్లు కూడా సలహా ఇస్తారు. వద్దు, ముల్లు ఇంకా లోపలికి దిగొచ్చు. మెల్లగా దగ్గి చూడండి. పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, చాలాసార్లు కొద్ది నిమిషాల్లో తీసేస్తారు.

9. ఇంటికి పార్సెల్

వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. పట్నం నుంచి మహబూబ్‌నగర్‌కో నల్గొండకో బస్సు ప్రయాణమే రెండున్నర గంటలు, స్టాండ్‌లో ఎదురుచూపు వేరే. కాబట్టి మామూలు కవర్లో పట్టుకొచ్చే పులుసు, రొయ్యల కూర వద్దు. ఎండాకాలంలో అసలే వద్దు.

ఇంట్లో వాళ్ల కోసం తప్పదంటే వండించకుండా తీసుకోండి. వంజరం తునకలు శుభ్రం చేయించి, మసాలా లేకుండా, రెండు కవర్లలో కట్టించి, కిందా మీదా ఐస్ నింపిన థర్మోకోల్ డబ్బాలో పెట్టించండి. కొన్నిచోట్ల డబ్బా ఇస్తారు, లేకపోతే ఇంటి నుంచే పట్టుకుపోవాలి. మూతకు టేప్ గట్టిగా వేయించండి. ఐస్ నీళ్లు కారి పక్కాయన కూరగాయల సంచి తడిస్తే షాద్‌నగర్ దాకా ఆయన మాటలు పడాల్సి వస్తుంది.

ఇంటికి రాగానే డబ్బా తెరిచి వాసన చూడండి, ఐస్ ఇంకా మిగిలి ఉందో లేదో చూడండి. మిగిలి ఉంటే కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి అదే రాత్రి వండేయండి.